బీరు కాకుండా ఇంట్లో ఏం పులియబెట్టాలి? తరవాణి, రాగి అంబలి, అల్లం సోడా, కొంబుచా: గోదావరి వేడిలో ఏది ఎవరికి

ఇంట్లో బీరు కాయడం నేర్చుకుందామని వీడియోలన్నీ చూసి, ఈస్టు పొట్లం కొనే ముందు ఆగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఆగడం మంచిదే. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఇంటి వాడకానికే అన్నా కుదరదు. యానాం పుదుచ్చేరి చట్టం కిందికి వస్తుంది కానీ తయారీకి అక్కడా లైసెన్సు కావాల్సిందే.

చట్టం సంగతి పక్కనపెట్టినా వేడి ఒప్పుకోదు. మామూలు ఏల్ రకం బీరు ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీల చల్లదనం కావాలి. లాగర్‌కు 8 నుంచి 13 డిగ్రీలు. మన దగ్గర సంక్రాంతి నెలలు తప్పిస్తే గది వేడి 28కి దిగదు, రోహిణి కార్తెలో డాబా ఇంట్లో 36 దాకా పోతుంది. పైగా పులిసేటప్పుడు ఆ ద్రవం దానంతటదే మరో మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కుతుంది. అంత వేడిలో ఆ ఈస్టు ఘాటైన ఆల్కహాళ్లను వదులుతుంది, తాగితే నెయిల్ పాలిష్ వాసన కొడుతుంది. నార్వే పల్లెల్లో తరాలుగా కాపాడుకొచ్చిన క్వైక్ ఈస్టు 35 డిగ్రీల్లోనూ చక్కగా పనిచేస్తుంది కానీ దానికీ పైన చెప్పిన చట్టమే వర్తిస్తుంది.

అయితే బీరు కాసేవాళ్లు నేర్చుకునే అసలు పనులు నాలుగే: గింజను మొలకెత్తించి అందులోని పిండిని తీపిగా మార్చడం, తోడును బతికించుకోవడం, వేడిని అదుపులో ఉంచడం, సీసాలో గ్యాసు లెక్క తప్పకపోవడం. ఈ నాలుగూ మన వంటింట్లో, మద్యం జోలికి పోకుండానే నేర్చుకోవచ్చు. చేతికందే పానీయాలు నాలుగున్నాయి: పులిసిన గంజి తరవాణి, రాగి అంబలి, అల్లం సోడా, తియ్యటి టీని పులియబెట్టే కొంబుచా. ఏది ఎవరికి సరిపడుతుందో చూద్దాం.

కల్లు ఈ వరసలో లేదు. తాటి, కొబ్బరి చెట్ల రసం కుండలో పడుతుండగానే పులవడం మొదలెడుతుంది, ఇంట్లో దాన్ని ఆపడం మన చేతిలో ఉండదు. గీతకు లైసెన్సు కూడా కావాలి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

గది వేడి. ఇదే మొదటిది, మిగతావన్నీ దీని వెనకే. గోడ గడియారం పక్కన వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి కొని, కుండ పెట్టబోయే మూలలో రెండు రోజులు ఉంచి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. పెంకుటిల్లయితే వంటింటి నేల మూల, డాబా అయితే కింది అంతస్తులో ఉత్తరం గోడ పక్కన చల్లగా ఉంటుంది. తడిగుడ్డ చుట్టడం పొడి పడమటి గాలి వీచే రోజుల్లో బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ నిండిన రోజున మాత్రం పెద్దగా చల్లబరచదు. అలాంటప్పుడు చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె చక్కటి సాధనం. భీమవరం, నరసాపురం వైపు ఎక్కడైనా దొరుకుతుంది. కొత్తదే కొనండి, వాడినదాని నీచువాసన పోదు. లోపల జాడీ పక్కన గడ్డకట్టించిన లీటరు నీళ్ల బాటిల్ ఒకటి పెట్టి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మార్చండి. లోపలి వేడి 26కి అటూఇటూగా నిలుస్తుంది. కరెంటు పోయినా గంటల తరబడి మారదు.

నీళ్లు. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ తోడును చంపేస్తుంది. మూత తీసి పది నిమిషాలు మరగనిచ్చి చల్లార్చి వాడండి. సముద్రం వైపు రాజోలు, సఖినేటిపల్లి మండలాల్లో చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, పానీయానికి పనికిరావు. క్యాన్ నీళ్లు నయం, వాటినీ ఒకసారి మరిగించండి. వరద రోజుల్లో కాలువ నీళ్లు ఎంత తేరినా వాడొద్దు.

పాత్ర. గాజు జాడీ అన్నిటికన్నా మంచిది. మరిగించడానికి స్టీలు గిన్నె. అల్యూమినియం, రాగి, ఇత్తడి వద్దు, పులుపు వాటిని కరిగిస్తుంది. ఆవకాయ జాడీ కడిగి వాడదామనుకుంటారు చాలామంది. నూనె, ఆవఘాటు దాని ఒంట్లోకి ఇంకిపోయి ఉంటాయి, పైగా పాత పింగాణీ పూతలో సీసం ఉండొచ్చు. దాన్ని ఆవకాయకే వదిలేయండి.

మీ తీరిక, మీ ఇంట్లోవాళ్లు. రోజూ చూసుకోగలరా, వారానికోసారేనా? ఇంట్లో పిల్లలు, గర్భిణులు, షుగరు ఉన్నవాళ్లు, కాలేయం జబ్బుకు మందులు వాడేవాళ్లు ఉన్నారా? దీన్నిబట్టి ఎంపిక పూర్తిగా మారిపోతుంది.

నాలుగు పానీయాలూ ఒక్క చూపులో:

| | తరవాణి | రాగి అంబలి | అల్లం సోడా | కొంబుచా |
|---|---|---|---|---|
| మొదటి గ్లాసు | 2–3 రోజులు | పిండి ఉంటే ఒక రాత్రి | తోడుతో కలిపి 4–8 రోజులు | తోడు ఉంటే 5–10 రోజులు |
| సరిపడే గది వేడి | 28–35 | 28–35 | 25–32 | 24–29 |
| రోజువారీ పని | రోజూ గంజి పోయాలి | వండిన రోజే | తోడుకు రోజూ మేత | దాదాపు ఏమీ లేదు |
| సీసా పేలే ప్రమాదం | లేదు | లేదు | ఉంది | సీసాలో బయట ఉంచితే ఉంది |
| ఆల్కహాల్ | నామమాత్రం | నామమాత్రం | లెక్క తప్పితే పెరుగుతుంది | కొద్దిగా |
| చక్కెర | లేదు | లేదు | గ్లాసులో మీరు కలిపినంత | చాలా మిగులుతుంది |
| వానాకాలం | పరవాలేదు | రాగుల మొలక కష్టం | బాగుంటుంది | బూజు భయం |
| నేర్పే పని | పులుపు, శుభ్రత | మొలక, పిండి తీపి కావడం | గ్యాసు లెక్క | తోడు, ఓపిక |

## తరవాణి

వేసవిలో మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. 34 డిగ్రీల వేడిలో కొంబుచా పాడవుతుంది, తరవాణి మాత్రం ఆ వేడిలోనే హాయిగా తయారవుతుంది. ఎండాకాలం చద్దన్నం తిన్న ఇళ్లలో పెద్దవాళ్లకు ఇది కొత్తేం కాదు. వాళ్లను ఒకసారి అడిగి రుచి చూపించమంటే, మీ కుండలో పులుపు ఎంతదాకా రావాలో నాలుకకు తెలుస్తుంది.

కొత్త మట్టికుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు వేడి గంజి పోసి పారబోయండి. తర్వాత లీటరు గోరువెచ్చని గంజి, గుప్పెడు మెత్తటి అన్నం, రెండు చెంచాల పుల్లటి మజ్జిగ వేసి పల్చటి గుడ్డ కట్టండి. కుక్కర్లో అన్నం వండే ఇళ్లలో గంజి దొరకదు. లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి కలిపి ఐదు నిమిషాలు మరిగిస్తే అదే పని చేస్తుంది. పులుపు పట్టాక, అంటే రెండో మూడో రోజు నుంచి, వాడుకున్నంత తీసుకుని, ఆ రోజు గంజి చల్లారాక పోస్తూ ఉండాలి. కుండలో మూడో వంతు ఎప్పుడూ మిగలాలి, అదే తోడు. నలిపిన నిమ్మాకో దబ్బాకో, చితక్కొట్టిన అల్లం ముక్కో వేస్తే వాసన బాగుంటుంది. ఉప్పు తాగేటప్పుడు కలుపుకోవాలి.

మజ్జిగ ఎందుకు? వండిన అన్నం వేడి గదిలో ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషాన్ని వదులుతుంది. తర్వాత ఎంత మరిగించినా ఆ విషం పోదు. కుండ త్వరగా పులిస్తే దానికి పెరిగే సందు ఉండదు. మజ్జిగలోని బాక్టీరియా మొదటి రోజే పులుపు పట్టిస్తుంది. ఇరవై నాలుగు గంటలకు నిమ్మనీళ్లంత పులుపు, పులుపును కొలిచే పీహెచ్ కాగితం మీద 4 లేదా అంతకు తక్కువ రావాలి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ముప్పై ఆరు గంటలకూ కాగితం మీద 4కి దిగలేదంటే పారబోసి మళ్లీ మొదలెట్టండి, రుచి చూసి అంచనా వేయొద్దు.

పైన పల్చటి తెల్లటి పొర కడితే గరిటెతో తీసేయొచ్చు. గులాబీ, నారింజ, నల్ల చుక్కలు కనిపించినా, చెంచాతో ఎత్తితే జిగురుగా సాగినా, కుళ్లు వాసన వచ్చినా మొత్తం పారబోయాలి, కుండ కూడా మార్చాలి. మట్టికుండ రంధ్రాల్లోంచి ఆ మైల పోదు.

తరవాణిలో గ్యాసు ఉండదు. బీరు మీద మనసుపడ్డవాళ్లకు ఇది చప్పగా అనిపించొచ్చు. అయినా వారం రోజులు కుండను బతికించగలిగినవాళ్లకు మిగతా మూడూ సులువవుతాయి.

## రాగి అంబలి

బజారు రాగిపిండితో అంబలి అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బీరు పని నేర్చుకోవాలంటే మాత్రం రాగులను మీరే మొలకెత్తించాలి. యూరప్‌లో బార్లీతో మాల్ట్ చేసేవాళ్లు చేసేదీ ఇదే.

అరకిలో రాగులు కడిగి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి పన్నెండు గంటలు నానబెట్టండి. వడకట్టి తడి నూలుగుడ్డలో మూటకట్టి నీడన ఉంచండి. మన వేడికి ఒక రోజులోనే తెల్లటి మొన బయటికొస్తుంది. మొన రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నప్పుడు పల్చగా పరిచి ఎండబెట్టండి. ఎండ గట్టిగా ఉంటే రోజున్నరలో కరకరలాడతాయి. అరచేతుల మధ్య నలిపి చెరిగితే ఎండిన వేళ్లు రాలిపోతాయి. ఆ తర్వాత మర పట్టించండి. సువాసన కోసం వేయించాలనిపిస్తే అందులో పావు వంతు మాత్రమే వేయించి కలపండి. మొత్తం వేయిస్తే మొలకలో పుట్టిన, పిండిని తీపిగా మార్చే ఎంజైములు చచ్చిపోయి పని జరగదు.

ఎంజైముల పని కళ్లారా చూడాలంటే ఇలా చేయండి. 800 మి.లీ. నీళ్లలో 50 గ్రాముల బజారు రాగిపిండి, అంటే మొలకెత్తనిది, వేసి చిక్కటి జావ కాయండి.  దించి 75 డిగ్రీలకు చల్లారనివ్వండి, తర్వాత పోసే నీళ్లతో అది 65 దగ్గరికి దిగుతుంది. 200 మి.లీ. మామూలు నీళ్లలో రెండు పెద్ద చెంచాల మొలక పిండి కలిపి అందులో పోసి, మూతపెట్టి మందపాటి గుడ్డ చుట్టి నలభై నిమిషాలు ఉంచండి. గిన్నె తెరిచేసరికి చిక్కటి జావ పల్చబడి ధారగా జారుతుంది, చప్పటిది కాస్తా తియ్యగా మారుతుంది. మొలకలోని అమైలేజ్ పిండిని చిన్న చిన్న చక్కెరలుగా తెగ్గొట్టింది. బీరు కాసేవాళ్లు బార్లీతో చేసే మ్యాషింగ్ ఇదే, ఆ 65 డిగ్రీల వేడి కూడా ఇదే. 75 దాటితే ఎంజైములు చస్తాయి. 50 దగ్గర ఉంచితే పని చాలా నెమ్మదిస్తుంది.

ఆ జావను ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పుల్లమజ్జిగ కలిపి రాత్రంతా ఉంచండి. వేసవిలో ఆరేడు గంటలు చాలు, పెథాయి తుపానులాంటి ముసురు పట్టిన రోజుల్లో పది గంటలు. పొద్దున ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసుకుని తాగేయాలి. మర్నాటికి ఉంచాలంటే ఫ్రిజ్‌లోనే.

రెండు జాగ్రత్తలు. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మొలకలు ఎండవు, లోపల బూజు పడుతుంది. పచ్చటి మచ్చ ఒక్కటి కనిపించినా మూట మొత్తం పారేయండి, గొడ్లకు కూడా పెట్టొద్దు, ఆ బూజులో విషాలుంటాయి. ఇక జొన్నలతో ఈ ప్రయోగం చేయొద్దు. జొన్న మొలకలో సైనైడ్ పుట్టించే ధురిన్ ఉంటుంది, దాన్ని తొలగించే పద్ధతి కొత్తవాళ్లకు తగినది కాదు.

## అల్లం సోడా

గ్యాసు కోసం తపించేవాళ్లు చివరికి చేరేది ఇక్కడికే. కొత్తవాళ్లు ఎక్కువ తప్పులు చేసేదీ ఇక్కడే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందు తోడు. జాడీలో మరిగి చల్లారిన నీళ్లు అర లీటరు, తొక్కతో సహా సన్నగా తరిగిన అల్లం 20 గ్రాములు, చక్కెర 20 గ్రాములు వేయండి. ఈస్టు, బాక్టీరియా ఉండేది తొక్క మీదే. తళతళ మెరిసే కడిగిన అల్లం కన్నా, మట్టి అంటిన అల్లాన్ని నీళ్లతో తేలిగ్గా కడిగి వాడటం మేలు. గుడ్డ కట్టి, రోజూ పది గ్రాముల అల్లం, పది గ్రాముల చక్కెర వేసి పొద్దున, సాయంత్రం కలపండి. మే నెలలో మూడో రోజుకే బుడగలు వస్తాయి, జనవరిలో ఐదారు రోజులు పడుతుంది. మేత వేసిన నాలుగైదు గంటల్లో పైకి నురగ లేచి, జాడీ దగ్గర చెవి పెడితే సన్నటి చిటపట వినిపిస్తే తోడు తయారైనట్టే.

ఇప్పుడు సీసా లెక్క. ఇంటర్నెట్లో దొరికే చాలా పద్ధతుల్లో లీటరుకు 80 గ్రాముల చక్కెర వేసి సీసాలో మూతబిగించమంటారు. ఒక గ్రాము చక్కెర పులిస్తే దాదాపు అర గ్రాము గ్యాసు, అర గ్రాము ఆల్కహాల్ పుడతాయి. బజారు కోలాలో లీటరుకు 6 నుంచి 8 గ్రాముల గ్యాసుంటుంది. 80 గ్రాముల చక్కెర మొత్తం పులిస్తే 40 గ్రాముల గ్యాసు, దాంతోపాటు అయిదు శాతం ఆల్కహాల్. చల్లటి దేశాల్లో అది నెమ్మదిగా జరుగుతుంది, రెండో రోజు ఫ్రిజ్‌లో పెట్టి ఆపేయొచ్చు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఇల్లు తాళం వేసి పెళ్లికి వెళ్లొచ్చేలోపే సీసా పగులుతుంది. గాజు సీసా అయితే పెంకులు గోడలో దిగబడతాయి. పగలకుండా ఉంటే ఆ సోడా బీరంత మత్తు ఎక్కిస్తుంది. పిల్లలు తాగుతారని చేసిన దానిలో అది మరీ ప్రమాదం.

కాబట్టి తీపిని సీసాలో వేయకుండా గ్లాసులో కలపండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

లీటరు నీళ్లలో చితక్కొట్టిన 40 గ్రాముల అల్లం వేసి, మూతపెట్టి పది నిమిషాలు మరిగించి, చేతికి వేడి తెలియనంతగా చల్లార్చి వడకట్టండి. ఒక పెద్ద నిమ్మకాయ రసం పిండండి, పులుపు చెడు సూక్ష్మజీవులను దూరం పెడుతుంది. చక్కెర సరిగ్గా 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీ చెంచా. బెల్లమయితే 6 గ్రాములు, అందులో కాస్త తేమ, మడ్డి ఉంటాయి. చివరికి వడకట్టిన తోడు 50 మి.లీ. అంతకు ముందు ఇరవై నాలుగు గంటలు తోడుకు మేత ఆపేయాలి, లేకపోతే అందులో మిగిలిన చక్కెర మీ లెక్కను పాడుచేస్తుంది. ఇలా చేస్తే వేసిన చక్కెరంతా పులిసిపోయినా దాన్నుంచి లీటరుకు రెండున్నర గ్రాముల దగ్గర గ్యాసు, మూడో వంతు శాతం ఆల్కహాల్ మాత్రమే పుడతాయి, తోడుతో వచ్చేది దానికి అదనం. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ నిబంధనల్లో మద్య పానీయం అనేది అర శాతం దాటినప్పుడే. గ్యాసు కోలా అంత గట్టిగా ఉండదు. సోడా కొట్టు పంచ్ కావాలనుకునేవాళ్లకు ఇది మెత్తగా అనిపిస్తుంది, ఆ మాట ముందే చెప్పాలి.

సీసా ఎప్పుడూ కూల్‌డ్రింకు ప్లాస్టిక్ బాటిలే. మినరల్ వాటర్ బాటిల్ పల్చటిది, ఒత్తిడికి చేసింది కాదు. గోలీ సోడా సీసా ఎంత ముచ్చటగా ఉన్నా పనికిరాదు, అది తలకిందులుగా గ్యాసు ఎక్కించే యంత్రం మీద మూసుకునేలా చేసినది. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించి, రోజుకు రెండుసార్లు బాటిల్‌ను నొక్కి చూడండి. కొత్తగా కొన్న సోడా బాటిల్ అంత గట్టిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. వేసవిలో ఒకటిన్నర రోజు, చలికాలంలో మూడు రోజులు. ఫ్రిజ్‌లో కనీసం ఎనిమిది గంటలు ఉంచితేనే గ్యాసు నీళ్లలో కలిసి నిలుస్తుంది.

తాగేటప్పుడు గ్లాసు అడుగున రెండు చెంచాల బెల్లం పాకం పోసి, చల్లటి సోడాను గ్లాసు అంచు మీదుగా మెల్లగా వంపండి. 200 గ్రాముల బెల్లానికి 150 మి.లీ. నీళ్లు పోసి మరిగించి వడకట్టుకున్న పాకం ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. పాకాన్ని బాటిల్లో పోస్తే నురగ ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది.

గ్యాసు రాలేదా? వెతకాల్సిన చోట్లు ఇవీ, ఈ వరసలోనే. కషాయం వేడిగా ఉండగా తోడు వేశారా, తోడు చచ్చిపోతుంది. కుళాయి నీళ్లు మరిగించకుండా వాడారా. మూత రబ్బరు పాతదా: బాటిల్‌ను బోర్లించి నొక్కితే చుక్క కారుతుంది. ఈ మూడూ కాకపోతే తోడే బలహీనం, ఇంకో రెండు రోజులు మేపండి. సోడా నూనెలా సాగుతుంటే బాక్టీరియా చక్కెరతో జిగురు కట్టిందన్నమాట, బాటిల్, తోడు రెండూ పారబోసి కొత్తగా మొదలెట్టడం మంచిది.

## కొంబుచా

రోజూ చూసుకునే తీరిక లేనివాళ్లకు ఇది. గవర్నమెంటు ఆఫీసులో డ్యూటీ, సాయంత్రం పిల్లల ట్యూషన్లు, మధ్యలో వంట అంటే వారానికోసారి గంట కేటాయిస్తే చాలు. బదులుగా వేడిని మాత్రం ఇది క్షమించదు. 32 దాటితే పులవడం పరుగులు తీస్తుంది, నాలుగో రోజుకే గొంతు మండే వెనిగర్ తయారవుతుంది. థర్మోకోల్ పెట్టె అవసరమయ్యేది దీనికే.

రెండు లీటర్ల గాజు జాడీకి: 1300 మి.లీ. నీళ్లు, 8 గ్రాముల మామూలు టీ పొడి, 90 గ్రాముల చక్కెర, పాత కొంబుచా 200 మి.లీ., దాని మీద కట్టిన మందపాటి పొర ఒకటి. ఏలకులు, మసాలా కలిపిన టీ పొడి వద్దు, వాటి నూనెలు పొరను పాడుచేస్తాయి. 500 మి.లీ. నీళ్లు మరిగించి టీ పొడి వేసి ఐదు నిమిషాలకు వడకట్టి, చక్కెర కరిగించి, మరిగి చల్లారిన మిగతా నీళ్లు పోయండి. పూర్తిగా చల్లారాకే తోడు, పొర వేయాలి. వేసిన వెంటనే పీహెచ్ 4.5 కన్నా తక్కువ ఉండాలి. లేకపోతే ఇంకొంచెం పాత కొంబుచా కలపండి. ఆ పులుపే మొదటి మూడు రోజులు బూజును ఆపేది.

పాత పంచె గుడ్డను రెండు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. పల్చటి వల గుడ్డలోంచి పండు ఈగలు దూరిపోతాయి. జాడీని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి, లేకపోతే చీమలు పట్టేస్తాయి. డిసెంబరు, జనవరిలో 8 నుంచి 10 రోజులు, వానాకాలంలో 6 లేదా 7, పెట్టె లేకుండా వేసవిలో 4 రోజులకే రుచి చూడండి. పీహెచ్ 3 దగ్గర తీపి, పులుపు సమంగా ఉంటాయి. 2.5 కన్నా దిగితే తాగొద్దు, తర్వాతి దానికి తోడుగా వాడండి.

గోధుమరంగు తీగల్లా వేలాడేవి ఈస్టు, వాటితో భయం లేదు. పొడిగా, నూగుగా, తెల్లగానో పచ్చగానో నల్లగానో పైన పెరిగేది బూజు. అప్పుడు పొరతో సహా అన్నీ పారేయాలి. పొర కడిగి మళ్లీ వాడటం ఎంత ఆశగా ఉన్నా చేయకూడదు.

సీసాలో రెండోసారి పులియబెట్టి గ్యాసు తెప్పించే పద్ధతి మొదటి ఆర్నెల్లు వద్దు. వారం తర్వాత కూడా చాలా చక్కెర మిగిలి ఉంటుంది, అల్లం సోడా దగ్గర చెప్పిన లెక్క ఇక్కడ పనిచేయదు. వడకట్టి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టి, రోజుకు చిన్న గ్లాసు తాగండి. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. మిగిలిన చక్కెరవల్ల షుగరు ఉన్నవాళ్లకూ ఇది తగదు.

## మీరు ఎవరైతే ఏది

ఏప్రిల్, మే నెలల్లో మొదలెడుతుంటే తరవాణి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లు, పిల్లలు ఉన్నా అదే, లేదా అంబలి. అంబలిలో పిండిపదార్థం ఎక్కువ కాబట్టి షుగరు ఉన్నవాళ్లు కొలత చూసుకుని తాగాలి.

లంక గ్రామాల్లో పెరడు, ఎండ, నేల మీద చల్లటి మూల ఉన్నవాళ్లు రాగులు మొలకెత్తించండి. అపార్టుమెంటు బాల్కనీలో ఎండ పడని రాజమండ్రి, కాకినాడ ఫ్లాట్లలో అది సాగదు. మొలక పిండి బజార్లో కొని అంబలి చేసుకోండి, జావ పల్చబడే ప్రయోగం మాత్రం కొన్న పిండితో అన్నిసార్లూ కుదరదు. వేయించిన పిండి అయితే అందులో ఎంజైములు ఉండవు.

బీరు మీద ఆసక్తితో వచ్చినవాళ్లు ముందు తరవాణి రెండు వారాలు నడపండి, అది నిలబడ్డాక అల్లం సోడా, ఎండ దొరికినప్పుడు రాగుల మొలక. కొంబుచా మీకు అంతగా అవసరం లేదు. ఫ్రిజ్‌లో చోటు లేనివాళ్లు అల్లం సోడా మొదలెట్టొద్దు, పులవడం ఆపడానికి ఫ్రిజ్ తప్ప వేరే దారి లేదు.

ఊరెళ్లేటప్పుడు: తరవాణి కుండలోంచి ఒక గ్లాసు తీసి సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు తోడుగా పనికొస్తుంది. కుండ ఖాళీచేసి కడిగి ఎండలో బోర్లించండి. అల్లం తోడుకు మేత వేసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారానికోసారి పది గ్రాముల చక్కెరతో నెలలు బతుకుతుంది. బయటికి తీశాక రెండు రోజులు మేపి, చివరి రోజు మేత ఆపి వాడాలి. కొంబుచాను అలాగే పళ్లెంలో నీళ్లు నింపి వదిలేసి వెళ్లొచ్చు. తిరిగొచ్చేసరికి తాగలేనంత పులుస్తుంది, తర్వాతి జాడీకి తోడుగా వాడండి. బయట మూతబిగించిన సోడా బాటిల్ ఒక్కటి కూడా ఇంట్లో మిగల్చకండి. ఫ్రిజ్‌లో చోటు చాలకపోతే మూత తీసి గ్యాసు వదిలి, పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లండి.